అభిమానానికి ఓటు ఉందా? ఫుట్‌బాల్ క్లబ్బుల్లో సభ్యుల పాలన

2011 అక్టోబరు 27న చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్బు యజమాని రోమన్ అబ్రమోవిచ్ ఒక ఓటింగులో ఓడిపోయారు. లండన్‌లోని ఆ క్లబ్బును ఆయన 2003లో కొన్నారు, ఆటగాళ్ల కోసం కోట్ల పౌండ్లు గుమ్మరించారు, ట్రోఫీలు తెచ్చారు. అభిమానుల్లో చాలామందికి ఆయనంటే కృతజ్ఞత కూడా ఉంది. అయినా స్టాంఫర్డ్ బ్రిడ్జ్ స్టేడియం ఉన్న నేల మాత్రం ఆయనది కాదు. స్థలాల వ్యాపారుల చేతిలో పడి స్టేడియం దాదాపు చేజారిపోయిన అనుభవంతో 1993లో ఏర్పడిన చెల్సీ పిచ్ ఓనర్స్ అనే సంస్థకు ఆ నేల మీద పూర్తి హక్కు ఉంది. ఒక్కొక్కటి 100 పౌండ్ల చొప్పున అభిమానులు కొన్న వాటాలే దానికి పునాది. ఎవరి దగ్గర ఎన్ని వాటాలున్నా ఒక్కరికి 100 ఓట్లకు మించి ఉండవు. క్లబ్బు అక్కడి నుంచి వెళ్లిపోతే చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ అన్న పేరును వాడుకునే హక్కును కూడా వదులుకోవాలని ఒప్పందంలో రాసి ఉంది. ఆ నేలను తిరిగి తమకు అమ్మాలని క్లబ్బు పెట్టిన ప్రతిపాదనకు ఆ రోజు 61.6 శాతం ఓట్లు వచ్చాయి. కావలసినవి 75 శాతం కాబట్టి ప్రతిపాదన వీగిపోయింది.

ఈ ఉదంతాన్ని ముందుగా చెప్పడానికి కారణం ఉంది. అభిమానుల ఉద్యమం అనగానే గ్యాలరీల్లో బ్యానర్లు, నినాదాలు, స్టేడియం గేట్ల ముందు నిరసనలు కళ్ల ముందు మెదులుతాయి. వాటి విలువ వాటికి ఉంది, అవి లేకపోతే చాలా క్లబ్బుల్లో ఏ మార్పూ మొదలయ్యేదే కాదు. కానీ ఆ రోజు అబ్రమోవిచ్‌ను ఆపింది పద్దెనిమిదేళ్ల కిందట కొందరు ఓపికగా కూర్చుని రాసిపెట్టుకున్న నియమావళి. యజమాని మంచితనం మీద ఆధారపడిన గొంతు ఆయన మనసు మారిన రోజున, లేదా ఆయన క్లబ్బును ఇంకొకరికి అమ్మేసిన రోజున మూగబోతుంది. కాగితం మీద హక్కుగా రాసుకున్న ఓటుకు ఆ భయం లేదు. అభిమానుల మాట వినడం, అభిమానులకు ఓటు ఉండడం అనే రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్లనే ఈ విషయం చుట్టూ ఇంత అయోమయం ఏర్పడిందని నా అభిప్రాయం.

అసలు అభిమాని ఎవరు? చట్టం దృష్టిలో టికెట్ కొన్న వినియోగదారుడు మాత్రమే. వినియోగదారుడికి నచ్చని దుకాణం మానేసి పక్క దుకాణానికి వెళ్లే వీలుంటుంది, ఆ వీలే అతని బలం. ముప్పై ఏళ్లుగా ఒకే రంగు జెర్సీ వేసుకున్న మనిషికి ఆ వీలు లేదు. జట్టు ఓడినా, టికెట్ ధర పెరిగినా, యజమాని అప్పుల్లో ముంచినా అతను పక్క ఊరి జట్టుకు మారిపోడు. ఆ విధేయత క్లబ్బుకు అన్నిటికంటే పెద్ద ఆస్తి, ఆ ఆస్తి మీద అప్పు తెచ్చుకునే అధికారం యజమానిది. 2005లో గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను చాలావరకు అప్పు చేసి కొని, ఆ అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్బు నెత్తినే రుద్దినప్పుడు జరిగింది ఇదే. వడ్డీ కట్టే ఆదాయం ఎక్కడికీ పోదన్న ధీమాకు ఆధారం అభిమానుల విధేయతే. నష్టం వచ్చినప్పుడు భరించేవాడు నిర్ణయం తీసుకునేటప్పుడు గదిలో లేకపోవడమే ఇక్కడి అసలు సమస్య.

ఇంగ్లండులో పరిస్థితి మొదటి నుంచీ ఇలా లేదు. చర్చిల్లో, ఫ్యాక్టరీల్లో, బళ్లలో పుట్టిన జట్లు పందొమ్మిదో శతాబ్దం చివరికి స్టేడియాలు కట్టుకోవలసి వచ్చి, అప్పుల బాధ్యత సభ్యుల మీద పడకుండా ఉండేందుకు పరిమిత బాధ్యత గల కంపెనీలుగా మారాయి. కంపెనీ అయితే లాభాపేక్ష ప్రవేశిస్తుందన్న భయంతో అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ కట్టుదిట్టమైన ఒక నిబంధన పెట్టింది. వాటాదారులకు ఇచ్చే డివిడెండుకు పరిమితి ఉండాలి, డైరెక్టర్లు జీతం తీసుకోరాదు, క్లబ్బు మూతపడితే మిగిలిన ఆస్తి వాటాదారుల జేబుల్లోకి కాకుండా క్రీడాసంస్థలకో ధర్మకార్యాలకో వెళ్లాలి. 34వ నిబంధనగా పేరుపడిన ఈ కట్టడిని 1983లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ తెలివిగా దాటింది. క్లబ్బు పైన ఒక హోల్డింగ్ కంపెనీని పెట్టి దాన్ని స్టాక్ మార్కెట్‌లో నమోదు చేసింది. నిబంధన క్లబ్బుకే వర్తిస్తుంది తప్ప దాని పైనున్న కంపెనీకి కాదు. అసోసియేషన్ అడ్డుపడలేదు. ఆ తర్వాత 1992లో ప్రీమియర్ లీగ్, టెలివిజన్ డబ్బు వచ్చేసరికి గేటు ఎప్పుడో తెరిచి ఉంది.

అదే 1992లో, ఆ డబ్బు వాసన కూడా సోకని ఒక చిన్న క్లబ్బులో వేరే ప్రయోగం మొదలైంది. నార్తాంప్టన్ టౌన్ అప్పుల్లో కూరుకుపోయి మూతపడే స్థితికి చేరింది. బ్రయన్ లోమాక్స్ అనే అభిమానీ, ఆయన సహచరులూ బహిరంగ సభ పెట్టి, బకెట్లు పట్టుకుని చందాలు వసూలు చేశారు. అంతవరకు కొత్తేమీ లేదు, ఆపద వచ్చినప్పుడు క్లబ్బులకు అభిమానులు చందాలివ్వడం పాత అలవాటే. ఈసారి మాత్రం వాళ్లు ఆ డబ్బును నేరుగా యజమాని చేతిలో పెట్టలేదు. ఒక ట్రస్టుగా ఏర్పడి, ఆ డబ్బుకు బదులుగా క్లబ్బులో వాటానూ బోర్డులో ప్రాతినిధ్యాన్నీ అడిగారు, సాధించారు. అభిమానులు ఎన్నుకున్న ప్రతినిధిగా లోమాక్స్ బోర్డులో కూర్చున్నారు. చందా ఇచ్చి దండం పెట్టి వెళ్లిపోవడానికీ, చందాకు బదులు హక్కు అడగడానికీ ఉన్న తేడాలోనే ఈ ఉద్యమమంతా ఇమిడి ఉంది. 2000లో బ్రిటిష్ ప్రభుత్వ మద్దతుతో సపోర్టర్స్ డైరెక్ట్ అనే సంస్థ ఏర్పడి, ఈ నమూనాను వందకు పైగా క్లబ్బుల అభిమానులకు చేర్చింది.

ఈ ట్రస్టు నిర్మాణాన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ప్రజాస్వామ్యం అన్న మాట ఆచరణలోకి దిగేది ఇక్కడే. పేరుకు ట్రస్టు అంటారు గాని చట్టప్రకారం అది సహకార సంఘానికి దగ్గరి బంధువు. మొదట్లో ఇండస్ట్రియల్ అండ్ ప్రావిడెంట్ సొసైటీగా, 2014 నాటి కొత్త చట్టం తర్వాత కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీగా దాన్ని నమోదు చేస్తున్నారు. ఏడాదికి నామమాత్రపు రుసుము కట్టిన ఎవరైనా సభ్యులు కావచ్చు. పది పౌండ్లు పెట్టినవారికీ పదివేల పౌండ్లు పెట్టినవారికీ ఓటు ఒక్కటే. లాభాన్ని సభ్యులు పంచుకోకూడదు, వాటా విలువ పెరిగితే అమ్ముకుని సొమ్ము చేసుకునే వీలు లేదు. పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు, ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివి ఆమోదం పొందాలి. ఈ ట్రస్టు క్లబ్బు కంపెనీలో వాటాలు కొంటుంది. అంటే వేలాదిమంది సభ్యుల చిన్న చిన్న గొంతులు ఒకే వాటాదారుగా మారి, కంపెనీ సమావేశంలో ఒకే గొంతుతో మాట్లాడతాయి. ఒక్కొక్క అభిమాని విడివిడిగా కంపెనీ వాటాలు కొనుక్కుంటే ఆ బలం రాదు. వాళ్లలో ఎవరో ఒకరు మంచి ధర రాగానే అమ్ముకుంటారు, లేదా వారసులు అమ్ముకుంటారు. నలుగురి చేతుల్లో చెదిరిపోయే వాటాను ఒకచోట కట్టి ఉంచడమే ఈ ఏర్పాటులోని కిటుకు.

ఈ పద్ధతిలో పునాది నుంచి క్లబ్బును కట్టిన ఉదాహరణ కావాలంటే వింబుల్డన్‌ను చూడాలి. దక్షిణ లండన్‌కు చెందిన ఆ క్లబ్బును దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002 మే 28న ముగ్గురు సభ్యుల కమిషన్ ఒకటి 2–1 తేడాతో అనుమతి ఇచ్చింది. అభిమానులు సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు తగదని కూడా ఆ నివేదికలో రాశారు. ఆ మాట వాళ్లకు ఎంత గుచ్చుకుందో తర్వాతి కొన్ని వారాలు చెబుతాయి. జూన్ నెలాఖరులో వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో ఆటగాళ్ల ఎంపిక పోటీలు పెడితే 230 మంది వచ్చారు. జూలైలో సట్టన్ యునైటెడ్ మైదానంలో జరిగిన మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌కు 4,657 మంది హాజరయ్యారు. అభిమానుల ట్రస్టు అయిన డాన్స్ ట్రస్ట్ యాజమాన్యంలో ఆ కొత్త క్లబ్బు, ఏఎఫ్‌సీ వింబుల్డన్, తొమ్మిది సీజన్లలో ఐదుసార్లు పైమెట్టుకు ఎదిగి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి అడుగుపెట్టింది. 2020 నవంబరులో, పోగొట్టుకున్న పాత మైదానానికి కూతవేటు దూరంలో, ప్లవ్ లేన్ మీదే కట్టుకున్న కొత్త స్టేడియంలోకి తిరిగి వచ్చింది.

ఆ స్టేడియం కట్టేటప్పుడు వాళ్లు ఎదుర్కొన్న చిక్కు ఇంకా ముఖ్యమైనది. 2019 చివర్లో నిర్మాణానికి సుమారు కోటీ పది లక్షల పౌండ్లు తక్కువపడ్డాయి. బయటి పెట్టుబడిదారుడికి వాటా అమ్మితే లోటు తీరుతుంది, కానీ అభిమానుల ఆధిక్యం పోయే ప్రమాదముంది. బోర్డు ముందున్న ఈ ప్రశ్న సభ్యుల ముందుకు వచ్చింది, చర్చలు వేడెక్కాయి, పాత స్నేహితుల మధ్య మాటలు పెరిగాయి. చివరికి కొందరు సభ్యులే ముందుకొచ్చి ప్లవ్ లేన్ బాండ్ పేరుతో అభిమానుల నుంచి అప్పు సేకరించారు, 50 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. సభ్యుల ఓటు పెట్టుబడిని రాకుండా చేస్తుందని అనేవాళ్లు ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవాలి. ఓటు ఉంది కాబట్టే ఆ డబ్బు వచ్చింది. తమది కాని ఇంటికి ఎవరూ అప్పు తెచ్చి పైకప్పు వేయించరు.

జర్మనీలో కథ వేరే చోట మొదలవుతుంది. అక్కడి క్లబ్బులు 1998 వరకు పూర్తిగా సభ్యుల సంఘాలే. ఆ ఏడాది వృత్తి ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా విడదీసేందుకు అనుమతిస్తూ ఒక షరతు పెట్టారు. ఆ కంపెనీలో ఓటు హక్కుల్లో సగం, దానిపై ఇంకొక ఓటు మాతృసంఘం, అంటే పాత సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. 50+1 నిబంధన అంటే ఇదే. ఇది పెట్టుబడిని నిషేధించదన్న సంగతిని చాలామంది గమనించరు. బొరుస్సియా డార్ట్‌మండ్ వాటాలు స్టాక్ మార్కెట్‌లో దొరుకుతాయి. బయెర్న్ మ్యూనిక్‌లో అడిడాస్, ఆడి, అలియాంజ్ కంపెనీలకు తలా 8.33 శాతం వాటా ఉంది, మిగిలిన 75 శాతం సభ్యుల సంఘానిది. డబ్బు పెట్టవచ్చు, లాభం పంచుకోవచ్చు, పగ్గాలు మాత్రం పట్టుకోకూడదన్నది దాని సారాంశం. నిబంధన అక్షరాన్ని పాటిస్తూ ఆత్మను వదిలేసిన ఉదాహరణ కూడా అక్కడే ఉంది. ఆర్‌బీ లైప్‌జిగ్‌లో ఓటు హక్కున్న సభ్యులు కొద్దిమందే, వారిలో ఎక్కువమంది పెట్టుబడి పెట్టిన రెడ్‌బుల్ కంపెనీకి కావలసినవారే.

సభ్యుల సంఘం ఉన్నంత మాత్రాన సభ్యుల మాట చెల్లుతుందనుకోవడం కూడా పొరపాటే. 2021 నవంబరులో బయెర్న్ సర్వసభ్య సమావేశంలో ఖతార్ ఎయిర్‌వేస్ స్పాన్సర్‌షిప్‌ను ముగించాలన్న తీర్మానాన్ని కొందరు సభ్యులు తీసుకొచ్చారు. దాన్ని ఓటుకు పెట్టడానికి నాయకత్వం ఒప్పుకోలేదు, సభ కేకలతో, ఈలలతో ముగిసింది. ఆ ఒప్పందం 2023లో కొనసాగింపు లేకుండా ఆగిపోయింది. 2023 డిసెంబరులో జర్మన్ లీగ్ తన ప్రసార ఆదాయంలో కొంత భాగాన్ని ప్రైవేటు పెట్టుబడిదారుకు అప్పగించాలని ప్రతిపాదించినప్పుడు 36 క్లబ్బుల్లో సరిగ్గా 24 అనుకూలంగా ఓటేశాయి, కావలసిన మూడింట రెండు వంతుల మద్దతు ఒక్క ఓటు కూడా అటూఇటూ కాకుండా దక్కింది. హానోవర్ 96 క్లబ్బు ప్రతినిధిని వ్యతిరేకంగా ఓటేయమని మాతృసంఘం ఆదేశించింది. రహస్య ఓటింగు కావడంతో ఆయన ఎలా ఓటేశారన్నది అధికారికంగా వెల్లడి కాలేదు. ఆ అనుమానమే అగ్గిరవ్వ అయింది. వారాల తరబడి చాలా స్టేడియాల్లో అభిమానులు టెన్నిస్ బంతులు మైదానంలోకి విసిరి మ్యాచ్‌లు ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. ఇక్కడ బంతులు విసిరినవాళ్లకు బలం ఇచ్చింది కేవలం కోపం కాదు. సభ్యులు ఇచ్చిన ఆదేశాన్ని పాటించారా లేదా అని అడిగే హక్కు వాళ్లకు ఉండడమే.

స్పెయిన్‌లోని బార్సిలోనా, రియల్ మాడ్రిడ్‌లలో, అర్జెంటీనా క్లబ్బుల్లో అధ్యక్షుణ్ణి సభ్యులు నేరుగా ఎన్నుకుంటారు. 2023 డిసెంబరులో బోకా జూనియర్స్ ఎన్నికల్లో 43 వేల మందికి పైగా ఓటేసి, ఒకప్పటి తమ ఆటగాడు హువాన్ రోమన్ రికెల్మెను గెలిపించారు. బార్సిలోనాలో 2020 అక్టోబరులో అధ్యక్షుడు బార్తోమెయు అవిశ్వాస ఓటు ఎదుర్కోకుండానే రాజీనామా చేశారు, ఆ ఓటు కోరుతూ సభ్యులు 20 వేలకు పైగా సంతకాలు అందజేశారు. అయితే ఎన్నుకునే హక్కు అందరికీ ఉన్నా, నిలబడే హక్కు అందరికీ లేదు. రియల్ మాడ్రిడ్ అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ఇరవై ఏళ్ల సభ్యత్వంతో పాటు క్లబ్బు బడ్జెట్‌లో 15 శాతానికి సొంత పూచీకత్తు చూపాలి. అంత స్తోమత ఉన్నవాళ్లు ఎందరుంటారు? పైగా సభ్యులే యజమానులైన బార్సిలోనా వంద కోట్ల యూరోలు దాటిన అప్పుల్లో కూరుకుపోయింది. ఎన్నికల్లో గెలవడానికి ఖరీదైన ఆటగాడిని తెస్తానని వాగ్దానం చేయడం అక్కడ మామూలు. ఓటు దుబారాను దానంతట అదే ఆపదు, దుబారా చేసినవాణ్ణి దించే దారి చూపుతుంది.

డబ్బు విషయంలో దాపరికం అవసరం లేదు, సభ్యుల క్లబ్బులకు ఇది నిజంగా కష్టమైన చోటు. పోర్ట్స్‌మత్‌ను 2013లో అభిమానులు వెయ్యి పౌండ్ల చొప్పున వాటాలు కొని దివాలా నుంచి కాపాడారు, పాత బాకీలు తీర్చారు. కానీ కాలం చెల్లిన స్టేడియాన్ని బాగుచేసే స్తోమత లేక 2017లో డిస్నీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్‌కు అమ్మాలా అని ఓటు పెట్టుకుంటే, పెద్ద ఆధిక్యంతో అమ్మడానికే మొగ్గారు. దాన్ని ఓటమి అని నేను అనను, నిర్ణయం వాళ్లే తీసుకున్నారు. స్కాట్లండ్‌లో మదర్‌వెల్ సభ్యులు 2024లో అలాంటి ప్రతిపాదనే వస్తే వద్దన్నారు, అదీ ప్రజాస్వామ్యమే. నన్ను ఎక్కువగా కలతపెట్టేది వేల్స్‌లోని స్వాన్సీ క్లబ్బు అనుభవం. అక్కడి ట్రస్టుకు క్లబ్బులో 21 శాతం వాటా, బోర్డులో డైరెక్టర్ పదవి ఉన్నాయి. దేశమంతా ఆ క్లబ్బును ఆదర్శంగా చూపించేది. అయినా 2016లో మిగతా వాటాదారులు అమెరికా పెట్టుబడిదారులకు అమ్ముకున్నప్పుడు ట్రస్టు ఆ బేరంలో భాగం కాలేకపోయింది, న్యాయపోరాటం చేసి 2022లో గాని రాజీకి రాలేకపోయింది. కుర్చీ ఉంది గాని వద్దనే హక్కు లేదు. ఐదో వంతు వాటా కొనేటప్పుడు, అమ్మకాన్ని అడ్డుకునే ఒక వాక్యాన్ని ఒప్పందంలో రాయించుకోవడం వాటా కంటే విలువైనదని స్వాన్సీ చెబుతోంది.

మరోవైపు, ఓటు యాజమాన్యానికే పరిమితం కానక్కరలేదు. స్వీడన్‌లో క్లబ్బుల్లో 51 శాతం ఓట్లు సభ్యుల సంఘాలవే. రిఫరీ నిర్ణయాలను వీడియోలో తిరిగి చూసే వీఏఆర్ పద్ధతిని యూరప్‌లోని పెద్ద లీగులన్నీ తెచ్చుకుంటుంటే, స్వీడన్ అభిమానులు తమ తమ క్లబ్బుల వార్షిక సమావేశాలకు వెళ్లి దానికి వ్యతిరేకంగా తీర్మానాలు చేయించారు. ఆ తీర్మానాలకు క్లబ్బులు కట్టుబడవలసి రావడంతో 2024లో స్వీడన్ ఫుట్‌బాల్ సమాఖ్య వీఏఆర్‌ను పక్కన పెట్టింది. వీఏఆర్ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. గ్యాలరీలో నిలబడి ఆట చూసేవాళ్లు ఆట ఎలా ఆడాలన్న విషయాన్ని ఒక దేశంలో నిర్ణయించగలిగారు.

ఇంగ్లండులో చట్టం రావడానికి రెండు దెబ్బలు తగలాలి కాబోలు. 2021 ఏప్రిల్‌లో ఆరు పెద్ద క్లబ్బులు అభిమానులకు మాటమాత్రం చెప్పకుండా యూరోపియన్ సూపర్ లీగ్‌లో చేరాయి, నిరసనలతో రెండు రోజుల్లో వెనక్కి తగ్గాయి. అదే ఏడాది అప్పటి ఎంపీ ట్రేసీ క్రౌచ్ నాయకత్వంలో అభిమానుల దృష్టితో జరిగిన సమీక్ష స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలని సిఫారసు చేసింది. 2025 జూలైలో ఫుట్‌బాల్ పాలన చట్టానికి ఆమోదం లభించింది. పై ఐదు అంచెల్లోని క్లబ్బులు వ్యూహం, టికెట్ ధరలు వంటి విషయాల్లో అభిమానుల ప్రతినిధులను క్రమం తప్పకుండా సంప్రదించాలి. చిహ్నాన్నీ సొంత మైదానపు జెర్సీ రంగునూ మార్చాలంటే అభిమానుల మెజారిటీ మద్దతు ఉండాలి. కార్డిఫ్ సిటీ యజమాని 2012లో నీలం జెర్సీని ఎరుపుగా మార్చేసి, 2015లో గాని వెనక్కి తీసుకోని సంగతి తెలిసినవారికి ఈ నిబంధన విలువ అర్థమవుతుంది. అయితే సంప్రదించడం అంటే వినడమే, ఓటు కాదు. చిహ్నం, రంగు విషయాల్లో చట్టం ఓటు ఇచ్చింది, మిగతా చోట్ల చెవి ఇచ్చింది.

మొదటి దెబ్బ మాత్రం 2019 ఆగస్టు 27న తగిలింది. ఒక్క పౌండుకు చేతులు మారిన బరీ ఫుట్‌బాల్ క్లబ్బు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపించలేక, 125 ఏళ్లు సభ్యత్వం ఉన్న లీగ్ నుంచి బహిష్కరణకు గురైంది. గిగ్ లేన్ స్టేడియానికి తాళం పడింది. ఆ తర్వాతి నాలుగేళ్ల కథలో ప్రజాస్వామ్యపు కష్టమూ కనిపిస్తుంది. అభిమానులు రెండుగా చీలారు. ఒక వర్గం కొత్త క్లబ్బు పెట్టి పక్క ఊరి మైదానంలో ఆడించింది. ఇంకో వర్గం పది లక్షల పౌండ్ల ప్రభుత్వ సహాయం కూడగట్టి 2022లో గిగ్ లేన్‌ను కొన్నది. ఒకరి దగ్గర జట్టుంది, ఇంకొకరి దగ్గర మైదానముంది, రెండూ సభ్యుల సంఘాలే. 2022 అక్టోబరులో విలీనం మీద రెండు సంఘాలూ వేరువేరుగా ఓటు పెట్టుకున్నాయి. మైదానం కొన్న సంఘంలో దాదాపు అందరూ ఔనన్నారు. జట్టు నడుపుతున్న సంఘంలో కూడా ఔనన్నవారే ఎక్కువ, కానీ కావలసిన మూడింట రెండు వంతులకు కొద్దిలో తగ్గారు. సహాయం వెనక్కి పోతుందన్న భయంలోనూ ఆ ఫలితాన్ని ఎవరూ తుడిచెయ్యలేదు. విలీనం వద్దన్నవాళ్లతో మళ్లీ కూర్చున్నారు, కొత్త బోర్డులో ఎవరికి ఎన్ని స్థానాలు, పేరు ఏమిటి, లెక్కలు ఎవరి చేతిలో అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకున్నారు. 2023లో రెండోసారి ఓటు పెట్టినప్పుడు రెండు సంఘాలూ ఒప్పుకున్నాయి. 2023–24 సీజన్‌లో, ఇంగ్లిష్ ఫుట్‌బాల్ తొమ్మిదో అంచెలో, బరీ పేరుతోనే, గిగ్ లేన్‌లో మళ్లీ మ్యాచ్‌లు మొదలయ్యాయి.